గుట్ట దిగుతూ సాయిలు వేసిన తాళం

కామారెడ్డి వెళ్తున్నానంటే మా కోనసీమలో అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే, "అక్కడ నీకెవరున్నారు?" అని. స్నేహితుడి ఇల్లుంది అన్నాను. ఇల్లుంది గానీ స్నేహితుడు లేడన్న సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మస్కట్‌కు బాగా ఎడంగా, కొండల్లో రోడ్లు వేసే ఒక కంపెనీలో నేను డ్రైవరుని. సాయిలు కూడా అక్కడే డ్రైవరు. వేసవిలో ఒక కొండ దిగుతూ పోయాడు. శవాన్ని పెట్టెలో ఇంటికి పంపారు. దాంతోపాటు కంపెనీవాళ్ళు ఒక కాగితం పంపారు. డ్రైవరు బండిని అదుపు చేసుకోలేకపోయాడని అందులో ఒక ముక్క ఉందట. నాకు సెలవు దసరా దాటాక దొరికింది. ఇంటికి వచ్చినప్పటినుంచీ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ ముక్కే గుర్తొచ్చేది. సాయిలు ఇంటివాళ్ళకు నేను చూసింది చెప్పి రావాలనిపించింది. అందుకని బయలుదేరాను.

చిన్న రైలు

సికింద్రాబాదు నుంచి కామారెడ్డికి మీటరు గేజి బండి. మా వైపు పెద్ద లైను రైళ్ళకు అలవాటుపడ్డవాడికి ఇది బొమ్మ రైలులా కనిపిస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు మన మోకాళ్ళకు తగులుతూనే ఉంటాయి. నా ఎదురుగా ఒక నడివయసు ఆవిడ పెద్ద మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పట్నంలో ఇళ్ళ కట్టుబడికి కూలికి వెళ్ళి, కామారెడ్డి పక్కనున్న రాజంపేటకు తిరిగి వెళ్తోంది.

"మీదేడ సారు? ఆంధ్రనా?" అని అడిగింది, నేను నోరు విప్పగానే. అవునన్నాను.

"మరి మాదిక్కు ఏం పని?"

"తెలిసినాయన పోయాడమ్మా. వాళ్ళింటికి."

ఆవిడ ఇంకేం అడగలేదు. కాసేపయ్యాక మూట విప్పి రెండు సీతాఫలాలు తీసి చేతిలో పెట్టింది. "ఇది ఇయ్యాల్నే తిను. ఇది రేపు. కన్నులు ఎడమైనంక తినాలె, లేకపోతే చప్పగుంటది," అంది. మా వైపు సీతాఫలం పెరట్లో ఒకటో రెండో కాస్తే పిల్లలు కోసుకు తినే కాయ. ఇక్కడ స్టేషను స్టేషనుకూ బుట్టలకు బుట్టలు వస్తున్నాయి. పది రూపాయలకు బుట్టెడు ఇచ్చేస్తామని కిటికీల దగ్గర కేకలు.

కిటికీలోంచి చూస్తే అంతా రాళ్ళ గుట్టలు. వాటి మధ్య పచ్చని పొలం ముక్కలు, రైలు కట్ట పక్కన ఆరబోసిన మక్క కంకులు, అంటే మొక్కజొన్న పొత్తులు. మా ఊళ్ళో కళ్ళెత్తితే కొబ్బరాకు అడ్డం వస్తుంది, దూరం కనిపించదు. ఇక్కడ ఎంత చూస్తే అంత దూరం. క్యాంపులో సాయంత్రాలు సాయిలు ఒమాన్ కొండల్ని చూస్తూ, "మా దిక్కు గుట్టలు గిన్ని పెద్దగుండయన్నా, కని గిట్లనే ఎర్రగుంటయి," అనేవాడు. అప్పుడు నమ్మలేదు. కళ్ళతో చూస్తే నిజమే.

సైకిల్ షాపు వెనక ఇల్లు

కామారెడ్డిలో నాకు ఒక్క చిరునామా తెలుసు. మా క్యాంపు వంటవాడు మెహబూబ్ వాళ్ళ నాన్న ఖాసిం సాబ్‌ది. స్టేషను రోడ్డు మీద సైకిళ్ళు గంటల లెక్కన అద్దెకిచ్చే షాపు. వెనకే ఇల్లు. మెహబూబ్ పంపిన బట్టల పార్సెల్ చేతికిచ్చేసరికి ఆయన నన్ను ఇక కదలనివ్వలేదు. "లాడ్జి గీడ్జి లేదు బేటా. ఈడనే పండాలె," అన్నాడు.

అన్నం తర్వాత పెట్టారు, ముందు చాయ్. ఇక్కడి చాయ్ మన టీ కాదు. పాలు మరిగి మరిగి గడ్డకట్టేదాకా వచ్చినట్టుంటుంది. దాంట్లో తీపీ ఉప్పూ కలిసిన బిస్కెట్టు ముంచుకోవాలి. నేను ముంచి, తీయడం ఆలస్యం చేసి, సగం బిస్కెట్టు కప్పు అడుగున పోగొట్టుకున్నాను. ఖాసిం సాబ్ నవ్వి ఇంకోటి ఇచ్చాడు. భోజనంలో మసాలా వేసి వండిన బగారా అన్నం, దాల్చా. దాల్చా అంటే పప్పే, అందులో సొరకాయ ముక్కలు, మాంసం ముక్కలు కలిసి ఉంటాయి. మా ఇంట్లో పప్పూ మాంసమూ ఒక గిన్నెలో పడితే మా అమ్మ ఆ గిన్నెను వారం రోజులు తోమేది.

తిన్నాక ఆయన మెల్లగా అడిగాడు.

"మావోడు గూడ ఆ గుట్టల మీద బండి తోల్తడా బేటా?"

"లేదండీ. వంటపని. క్యాంపు దాటి బయటికి రాడు."

"అల్లా మెహర్బానీ," అన్నాడు గట్టిగా. అనేశాక నా ముఖం వంక చూసి తల దించుకున్నాడు. "తప్పుగ అనుకోకు. ఆ సాయిలు తండ్రి గూడ నా తీర్గ తండ్రేనాయె. బాక్స్ ఈడ టేషన్ల దించిన్నాడు నేను గూడ పోయిన. మూత తియ్యనియ్యలే. ఆ ముసలమ్మ మూత మీదనే పన్నది."

తండ్రి అన్నాక కొడుకు క్షేమం తలుచుకోవడంలో తప్పేముందని నేను ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సింది. 

లాకప్ అంటే పోలీసులేసేది

ఇక్కడ సాయిలు నడిపిన బండి గురించి చెప్పకపోతే తరువాతిది అర్థం కాదు. అది అమెరికాలో తయారైన డీజిలు ట్రక్కు, ఆటోమేటిక్. క్లచ్ పెడలు ఉండదు. మన లారీల్లో ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. అది పట్టుకుంటే రెండూ ఒక్కటై తిరుగుతాయి. ఆటోమేటిక్ బండిలో ఆ చోట నూనె నిండిన గుండ్రటి డబ్బా ఉంటుంది. దాన్ని టార్క్ కన్వర్టర్ అంటారు. ఇంజను ఒకవైపు రెక్కల్ని తిప్పితే నూనె సుడి తిరిగి రెండోవైపు రెక్కల్ని తిప్పుతుంది. రెండూ ఒకదాన్నొకటి తాకవు, మధ్యలో నూనే.

చదును రోడ్డు మీద ఇది హాయిగా ఉంటుంది. బరువు లాగుతూ కొండెక్కితే నూనె జారి వేడెక్కుతుంది. దిగేటప్పుడు మరీ ప్రమాదం. లారీ అయితే కింది గేరులో వేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఈ బండిలో ఆ పట్టు సరిగ్గా అందదు, నూనెలో జారిపోతుంది. అప్పుడు భారమంతా బ్రేకుల మీదే. అందుకని మా క్యాంపు మెకానిక్, మలబారు ఆయన, డాష్‌బోర్డు మీద ఒక స్విచ్ అమర్చాడు. అది వేస్తే డబ్బాలోని రెండు వైపులూ ఒకటిగా బిగుసుకుంటాయి. దాన్నే లాకప్ స్విచ్ అంటారు. మోచెయ్యి తగిలి పొరపాటున పడకుండా దాని మీద చిన్న ఎర్ర మూత కూడా పెట్టాడు. మూతను వేలితో ఎత్తి, లోపలి పుల్లను కిందికి నొక్కాలి.

సాయిలుకు దాన్ని వాడడం నేర్పింది నేనే. వేగం అందుకుని బండి పై గేరులో పడ్డాక వెయ్యి. ఇంజను మోత కాస్త తగ్గితే పట్టుకున్నట్టు. దిగుడు మొదలయ్యాక కాదు, మొదలవకముందే వెయ్యి. ఆపైన గేరు కిందికి లాగి, పొగగొట్టాన్ని మూసే ఎగ్జాస్ట్ బ్రేకు వేస్తే ఇంజను బండిని వెనక్కి గుంజి పట్టుకుంటుంది. ఆగబోయే ముందు మరిచిపోకుండా తీసెయ్యి, లేకపోతే ఇంజను కొట్టుకుని ఆగిపోతుంది. ఇంతే పాఠం.

"లాకప్ అంటే పోలీసులేసేది గదన్నా!" అన్నాడు మొదటిరోజు. ఆ పేరు నోటికి ఎక్కలేదు. "తాళం" అనేవాడు. "గుట్ట మీదికెల్లి తాళమేసి దిగిన," "ఆగేటప్పుడు తాళం తీసుడు యాది మర్శిన" అని. ఒకసారి అలాగే మరిచి క్యాంపు గేటు దగ్గర ఇంజను చంపేసి, అందరూ నవ్వితే తనూ నవ్వాడు. తర్వాత మరిచిపోవడం నేను చూడలేదు.

ఎల్లారెడ్డి కాదు, ఎల్లారెడ్డిపేట

ఎవరడిగినా సాయిలు "మాది ఎల్లారెడ్డి" అనే చెప్పేవాడు. మర్నాడు పొద్దున్న కామారెడ్డి బస్టాండులో ఒక ఎర్ర బస్సు మీద ఆ పేరులాంటిదే కనిపించేసరికి ఎక్కి కూర్చున్నాను. ఊరు దాటి చాలా దూరం వెళ్ళాక కండక్టరు వచ్చాడు. "ఎల్లారెడ్డికా? ఇది ఎల్లారెడ్డిపేట బండి సారు. సిరిసిల్ల దిక్కు పోతది. మీది ఆ దిక్కు!" అని వెనక్కి చెయ్యి చూపించాడు.

దారిలో దింపేశాడు. డబ్బులు పుచ్చుకోలేదు. రోడ్డు పక్కన మక్క కంకులు కాలుస్తున్న ముసలమ్మ దగ్గర కూర్చుని తిరుగు బస్సు కోసం చూశాను. రూపాయికి ఒక కంకి. నిమ్మకాయ ముక్కతో ఉప్పూ కారమూ రుద్ది ఇచ్చింది. "తొవ్వ తప్పినవా కొడుకా? ఏం గాదు, బస్సొస్తది. కూసో," అంది. ఇక్కడ పెద్దవాళ్ళు ముక్కూముఖం తెలియనివాణ్ణి కూడా కొడుకా, బిడ్డా అని ఏకవచనంలో పిలుస్తారు. క్యాంపులో మొదట్లో సాయిలు నన్ను "నువ్వు" అంటే నాకు చురుక్కుమనేది. మా వైపు పెద్దవాళ్ళను "మీరు", "అండీ" అనకపోతే పెంపకం లేదంటారు. ఆ నువ్వులో ఎంత దగ్గరితనం ఉందో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

ఫోను డబ్బా

ఎల్లారెడ్డి చేరేసరికి మధ్యాహ్నమైంది. సాయిలు ఇల్లెక్కడని బస్టాండు పక్కనున్న ఎస్టీడీ బూతులో అడిగాను. బూతు నడిపే రాజయ్య పోలియో కాలున్న మనిషి. కుర్చీలోంచి లేవకుండానే అన్ని పనులూ చేస్తాడు. నేను ఎవరినో, ఎక్కడినుంచి వచ్చానో చెప్పగానే స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

"ఆయనది ఈ ఊరు గాదు సార్. మీరు దాటొచ్చిండ్రు. లింగంపేట అవుతల. ఎనుకకు పోవాలె," అన్నాడు. ఆ పైన కాసేపు తటపటాయించి, "మీకో మాట చెప్పాలె. పొయ్యేముందు ఎర్కుండుడు మంచిది," అన్నాడు.

సాయిలు శుక్రవారాలు, మాకు సెలవురోజు, ఈ బూతుకే ఫోను చేసేవాడు. భార్య లచ్చవ్వ ముందే వచ్చి కూర్చునేది. అద్దాల గది ఉంది గానీ అంత దూరం మాట వినబడాలంటే అరవాల్సిందే. లోపల అరిచింది బయట బెంచీ మీద అందరికీ వినబడుతుంది. ఆఖరిసారి సాయిలు ఈ ఏడూ రావడం కుదరదని చెప్పినట్టున్నాడు.

"మూడేండ్లాయె సార్ మనిషి రాక. ఆమెకు కోపమొచ్చింది. 'రాకుంటె రాకు, ఆడనే సావు' అని ఫోను పెట్టేసింది. బెంచి మీద కూసున్నోళ్ళంత ఇన్నరు. నేను గూడ ఇన్న. గీ డబ్బల గసొంటి మాటలు రోజు ఎన్నో ఇంట. ఎవ్వలన్నా యాది పెట్టుకుంటరా? కని ఆ వారంలనే ఆయన సచ్చిండని ఎనుక కబురొచ్చింది. ఇగ సూడుండ్రి. పెండ్లాం మాటకు పాణం ఇసిగి, బండి లోయలకు తోలుకున్నడని ఊరంత అన్నరు. అత్త ఆమెతోని మాట్లాడది. ఒక్కింట్లనే ఉంటరు. ఆమె కంచం ఆమెదే, ఆమె పొయ్యి ఆమెదే."

 ఆ శుక్రవారం క్యాంపు ఫోను దగ్గర వరసలో సాయిలు వెనకాల నిలబడ్డది నేనే. ఫోను పెట్టేసి ఇటు తిరిగి, "మా ఆమె సావుమన్నదన్నా," అని నవ్వాడు. "తిట్టక ఏం చేస్తది. నేనైనా తిడ్తుంటి." ఆ సాయంత్రమే దీపావళికి సెలవు ఇమ్మని మేస్త్రీని అడగడానికి వెళ్ళాడు. ఇస్తానన్నాడని వచ్చి చెప్పాడు కూడా.

రాజయ్యకు ఈ మాట చెప్పాను.  "తొందరగ పోండ్రి సార్," అన్నాడు. రోడ్డు మీద వెళ్తున్న జీపును తనే కేకేసి ఆపి నన్ను ఎక్కించాడు.

లింగంపేట అవతల

పేరుకు జీపు. లోపల కూర్చున్న మాకంటే బయట వేలాడేవాళ్ళే ఎక్కువ. దిగాక కాస్త నడక. వరి కోతకొచ్చింది. అరుగుల మీద ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఆకు కత్తిరించడం, పొగాకు పోయడం, చుట్టి దారం కట్టడం, ఇదంతా మాట్లాడుకుంటూనే చేస్తారు, చేతివైపు చూడరు. నన్ను చూసి మాటలు ఆపారు గానీ చేతులు ఆపలేదు.

సాయిలు తండ్రి బాలయ్య వాకిట్లో మంచం వాల్చాడు. తల్లి రాజవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. లచ్చవ్వ ఎడంగా, పశువుల కొట్టం పక్కన చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. లేచి వచ్చి నాకు చెంబుతో నీళ్ళు ఇచ్చి మళ్ళీ అక్కడికే వెళ్ళిపోయింది. ఆ వాకిట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఉన్న ఖాళీ చూస్తే రాజయ్య చెప్పింది ఎక్కువేం కాదనిపించింది.

చావు జరిగిన ఇంట్లో మా వైపు బయటివాళ్ళు పచ్చి మంచినీళ్ళు ముట్టరు, పరామర్శించి లేస్తారు. ఇక్కడ అలా కాదు. తినకపోతే మాట మొదలుపెట్టనివ్వలేదు. మక్క గడక, పచ్చిపులుసు. మక్కల రవ్వతో సంకటిలా ఉడికించిన గడక, పొయ్యి మీద పెట్టకుండానే పిసికి చేసిన చింతపండు పులుసు. సాయిలు ఒమానులో కలవరించిన తిండి ఇదే. పెట్టిందంతా తిన్నాను. 

"పెద్దాయనా," అన్నాను, చెయ్యి కడుక్కున్నాక. "ప్రమాదం జరిగిన మర్నాడు మీవాడి బండి దగ్గరికి నేనూ మెకానిక్కూ వెళ్ళాం. చూసింది చెప్పిపోదామని వచ్చాను."

రాజవ్వ తల ఎత్తింది. "సూసేదేమున్నది బిడ్డా? మనసిరిగినోడు ఏం జేస్తడో అదే జేసిండు." ఆ మాట అన్నది నాతో. చూపు మాత్రం కొట్టం వైపు.

"లేదవ్వా. ఆగు. విను."

కాడి

తాళం సంగతి వాళ్ళకు ఎలా చెప్పాలో దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. ఒక వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోయించుకుని, ఒక ఆకు వేసి, గరిటెతో కలియబెట్టాను. "ఈ గరిటె ఇంజను. ఆ ఆకు చక్రాలు. గరిటె తిప్పితే ఆకు తిరుగుతోంది కదా? మధ్యలో నీళ్ళే..." అంటూ తిప్పడం కాస్త జోరు చేసేసరికి నీళ్ళు ఒలికి, ఆకు గిన్నె అంచుకు అంటుకుపోయింది. ముగ్గురూ నా మొహంకేసి చూశారు. నాకే సిగ్గేసింది.

బాలయ్య గిన్నె పక్కకు జరిపాడు. "మాటల్నే జెప్పు నాయనా."

చెప్పాను. దిగుట్లో ఇంజను బండిని పట్టుకోవాలని, మామూలుగా ఈ బండిలో ఆ పట్టు జారుతుందని, స్విచ్ వేస్తే బిగుస్తుందని. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"అంటె కాడి కట్టినట్టు," అన్నాడు. "దిగుట్ల ఎడ్లు కాడిని ఎనుకకు నూకి బండిని ఆపుతయి. పలుపులు వదులుగుంటె బండి ఎడ్లమీదికొస్తది. గంతేనా?"

"అంతే పెద్దాయనా. మీవాడు కాడి గట్టిగా బిగించే దిగాడు. స్విచ్ మీద ఎర్ర మూత ఉంటుంది. అది ఎత్తి, కిందికి నొక్కి ఉంది. గుద్దుకున్నందుకు పడే స్విచ్ కాదు అది, మనిషి వేలు పెట్టి నొక్కాలి. గేరు కిందికి లాగి ఉంది. ఎగ్జాస్ట్ బ్రేకు వేసి ఉంది. వెనక నీళ్ళ ట్యాంకు ట్రైలరు. దాని బ్రేకులు కాలి నల్లబడిపోయాయి. అంత బరువు వెనకనుంచి నెడుతుంటే ఇంజను ఒక్కటీ ఎంతని ఆపుతుంది?"

 కొట్టం పక్కన కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"ఇంకోటి. ఆ రోడ్డుకు ఒకవైపు లోయ, ఒకవైపు కొండ. చావాలనుకున్నవాడికి లోయ పక్కనే ఉంది. అతను అటు పోలేదు. కొండకు బండిని ఆనించి ఒరిపిస్తూ చాలాదూరం వచ్చాడు, ఆ రాపిడికైనా ఆగుతుందేమోనని. రాళ్ళ మీద రంగు గీతలు నేను చూశాను, చేత్తో తడిమి చూశాను. ఆగేదే. కానీ ట్రైలరు పక్కకు తిరిగి బండి మీద పడింది. అంతవరకూ అతను చెయ్యవలసినదంతా చేశాడు. నేను నేర్పినదాంట్లో ఒక్కటి కూడా మరిచిపోలేదు. ప్రాణం విసిగినవాడు ఆ స్విచ్ నొక్కడవ్వా."

ఆ తర్వాత ఫోను సంగతి చెప్పాను. నవ్వుతూ అన్న మాట, దీపావళికి అడిగిన సెలవు.

బాలయ్య తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాడు. లచ్చవ్వ లేచి కొట్టంలోకి వెళ్ళింది. లోపలనుంచి ఏడుపు వినిపించింది, మొదట గొంతు నొక్కుకున్నట్టు, తరువాత ఆపుకోలేక. పెట్టె వచ్చినరోజు కూడా ఆ పిల్ల ఏడవలేదట. ఏడిస్తే, చేసిందంతా చేసి ఏడుస్తోందంటారని భయమట. పక్కింటావిడ గోడ దగ్గర నిలబడి ఆ మాట చెప్పి తనూ కళ్ళు తుడుచుకుంది.

నిందపడ్డ మనిషి మీద నింద పోయింది కదా, ఇక ముసలామె వెళ్ళి కోడల్ని దగ్గరకు తీసుకుంటుందనుకున్నాను. రాజవ్వ కదలలేదు. ఒలికిన నీళ్ళు మట్టిలో ఇంకుతుంటే వాటినే చూస్తూ కూర్చుంది. తల ఎత్తకుండానే అంది.

"మరి ఇగ నేనెవ్వల్ని తిట్టుకోవాలె బిడ్డా?"

  ఇన్ని నెలలూ కోడలి మీద కోపం ఆ ముసలామెను నిలబెట్టింది. దాన్ని నేను వచ్చి లాగేశాను. నిజం చెబితే మంచి జరుగుతుందని బయలుదేరినవాణ్ణి, ఆమె ముఖం చూసి, ఎందుకొచ్చానా అని కూడా ఒక క్షణం అనుకున్నాను.

పొద్దున

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. తెల్లవారి బాలయ్య నాకు ఒక సంచిలో కొత్త మక్కలు పోసి ఇచ్చాడు, కోనసీమలో పిల్లలకు వేయించి పెట్టమని. రాజవ్వ నా తల మీద చెయ్యి పెట్టింది. మా వైపు ఇలాంటి ఇంటినుంచి లేచేటప్పుడు వస్తానని చెప్పకూడదు. నేను అలవాటుగా మాట లేకుండా గడప దిగబోతుంటే బాలయ్యే అన్నాడు, "పోయొస్త అను నాయనా. మల్ల రావాలె నువ్వు." పోయొస్తానన్నాను.

బస్సు ఆగేచోటు చూపించడానికి లచ్చవ్వ నాతో బయలుదేరింది. నాలుగడుగులు వేశామో లేదో వెనకనుంచి రాజవ్వ గొంతు వినబడింది.

"చెప్పులేస్కపో. తొవ్వల ముండ్లున్నయి."

నాతో అనుకున్నాను. నా కాళ్ళకు చెప్పులున్నాయి. లచ్చవ్వ ఉన్నచోటే ఆగిపోయింది. వాకిట్లో మంచం ఎత్తబోతున్న బాలయ్య చెయ్యి కూడా ఆగిపోయింది. ఆమె వెనక్కి వెళ్ళి, అత్త ముఖం వంక చూడకుండా, గడప పక్కన ఉన్న చెప్పులు వేసుకుని వచ్చింది.

పొలం గట్టు వెంట నడిచాం. రోడ్డు దగ్గరికి వచ్చాక అంది.

"మల్ల శుక్రారం నేను ఫోను కాడికి పోయిన అన్నా. అన్న మాట ఎనుకకు తీస్కుందామని పోయిన. పొద్దుగూకెదాంక కూసున్న. ఫోను రాలే. కోపానున్నడనుకున్న. అప్పటికే మనిషి లేడు, మాకు ఎర్క లేదు."

 దూరంగా బస్సు దుమ్ము కనిపించింది.

"గా గుట్ట దిగంగ... భయపడ్డడా అన్నా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆ కళ్ళు చూశాక చెప్పలేకపోయాను.

"భయపడే ఉంటాడమ్మా. ఎవరైనా భయపడతారు. కానీ చేతులు మాత్రం ఆగలేదు. చివరిదాకా ఇంటికి రావాలనే చూశాడు."

ఆమె తల ఊపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బస్సు వచ్చి ఆగింది. నేను మెట్టు మీద కాలు పెడుతుంటే, ఆ ఏడుపులోనే, ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఉండలేనట్టు అంది.

"ఇన్నవా అన్నా? మా అత్త నాతోని మాట్లాడింది. చెప్పులేస్కొమ్మన్నది."

బస్సు కదిలింది. అద్దంలోంచి చూస్తే, రోడ్డు పక్కన తన కాళ్ళవైపే చూసుకుంటూ నిలబడి ఉంది.